మిట్టమధ్యాహ్నం ఎవరిది?

పోయిన ఎండాకాలం ఒకరోజు మధ్యాహ్నం రెండుంపావుకి నేను ఆఫీసులో స్వెట్టర్ వేసుకుని కూర్చున్నా. బయట 43 డిగ్రీలు. నా సీటు సరిగ్గా ఏసీ వెంట్ కింద, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, టీ కప్పు తాగడానికి కాదు చేతులు కాచుకోడానికి పట్టుకున్నా. కిటికీ అవతల ఒక కొత్త బిల్డింగ్ లేస్తోంది, అప్పటికి మూడో స్లాబ్ పడింది, ఆ స్లాబ్ నీడలో పది పన్నెండుమంది ఖాళీ సిమెంట్ బస్తాలు పరుచుకుని, తలగుడ్డలు మొహాల మీద కప్పుకుని వరసగా పడుకున్నారు. ఒకాయన మాత్రం స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు, చేతికి చుట్టుకున్న గుడ్డ అలాగే ఉంది. ఆ రోజు నాకు పొద్దున్నే కాల్ ఉండి ఏడింటికే వచ్చా కాబట్టి ఆయన్ని అప్పట్నించీ చూస్తున్నా. ఇనుప చువ్వలు వంచే పని ఆయనది. ఏడింటికి ఉత్త చేతుల్తో పట్టుకున్నాడు, తొమ్మిదిన్నరకి గుడ్డ చుట్టాడు, పదకొండుకి గుడ్డ తడిపి చుట్టాడు, పదకొండున్నరకి ఇంక వదిలేశాడు.

పక్క సీటతను కూడా కిటికీలోంచి చూసి "అందరూ గుర్రుకొడుతున్నారు చూడు, ఎండ దేశాలు ఇందుకే బాగుపడవు గురూ" అన్నాడు. నేను తలూపాను. ఆలోచించి కాదు, ఊరికే, అలవాటుగా. తర్వాత రెండ్రోజులు ఆ తలూపడమే బుర్రలో తొలుస్తూ ఉండిపోయింది, ఎందుకంటే ఆ రోజు లంచ్ అయ్యాక నేను చేసిన పనేంటో గుర్తు తెచ్చుకుంటే ఒకే మెయిల్‌ని నాలుగుసార్లు చదవడం తప్ప ఏమీ కనపళ్లేదు. ఆయన మాత్రం నేను ఆఫీసుకి వచ్చేలోపే పని మొదలెట్టి నాలుగున్నర గంటలకి పైగా ఇనుము వంచాడు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా మళ్లీ వంచాడు. ఇద్దర్లో బద్ధకస్తుడు ఎవరు అంటే నాకు జవాబు తెలుసు.

ఈ "వేడి దేశాల వాళ్లు సోమరులు" అనే మాట చాలా పాతది, పైగా చాలా పెద్దపెద్దవాళ్లు అన్నది. ఫ్రాన్స్ తత్వవేత్త మాంటెస్క్యూ 1748లో దీని మీద బోలెడు రాశాడు, చలి గాలి నరాల కొసల్ని బిగిస్తుంది కాబట్టి ఉత్తరాది వాళ్లకి బలమూ ధైర్యమూ ఎక్కువ, వేడి వాటిని సడలిస్తుంది కాబట్టి దక్షిణాది వాళ్లు పిరికివాళ్లు అని ఆయన వాదన. రుజువు ఏమిటయ్యా అంటే ఒక గొర్రె నాలుక తీసుకుని సగం గడ్డకట్టించి భూతద్దం కింద చూశాట్ట, మీది చిన్నచిన్న బొడిపెలు ముడుచుకుపోయాయట. అంతే, ఒక గొర్రె నాలుకతో సగం ప్రపంచానికి సర్టిఫికెట్ ఇచ్చేశాడు. నవ్వొచ్చేది ఏంటంటే ఈ సిద్ధాంతం రాసిన ప్రతివాడికీ శ్రేష్ఠమైన వాతావరణం సరిగ్గా వాళ్ల ఇంటి ముందే దొరికింది. అరిస్టాటిల్‌కి చలి యూరప్ వాళ్లలో ధైర్యం ఉంది కానీ తెలివి లేదు, ఆసియా వాళ్లకి తెలివుంది కానీ ధైర్యం లేదు, నడిమధ్యలో ఉన్న గ్రీకులకి రెండూ ఉన్నాయి. 14వ శతాబ్దంలో ఉత్తరాఫ్రికాలోని ట్యూనిస్‌లో పుట్టిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ లెక్కలో సమశీతోష్ణ మండలం ఉత్తరాఫ్రికా, సిరియా, ఇరాక్, స్పెయిన్ మీదుగా పోతుంది, అక్కడెక్కడో పైన ఉన్న తెల్ల చలి జాతులు, కింద ఉన్న వేడి జాతులు ఇద్దరూ పనికిరారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎల్స్‌వర్త్ హంటింగ్‌టన్ పటాలు గీసి మరీ చెప్పాడు, నాగరికతకి అనువైన వాతావరణాల్లో ఒకటి అమెరికా ఈశాన్యంలో ఉందని. యేల్ ఎక్కడుందో వేరే చెప్పక్కర్లేదుగా.

వీళ్లు చూసింది అబద్ధం కాదు. మిట్టమధ్యాహ్నం వేడి దేశంలో దిగిన చలి దేశపువాడికి వీధులు ఖాళీగా, షాపుల షట్టర్లు దించి, మనుషులు నీడల్లో పడుకుని కనిపించే మాట నిజమే. వాడు చూడనిది తెల్లవారుజాము నాలుగున్నర. వాడు ఆ టైముకి నిద్రలో ఉన్నాడు మరి.

కాసేపు ఒంటి సంగతి చూద్దాం. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో మహా అయితే నాలుగో వంతు పనిగా మారుతుంది, మిగతాదంతా వేడి. ఆ వేడి బయటికి పోవాలి, లోపలి ఉష్ణోగ్రత 37 దగ్గరే నిలబడాలి, రెండు మూడు డిగ్రీలు పెరిగితే చాలు ప్రాణం మీదకి వస్తుంది. బయటి గాలి మన చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఒంటికి మిగిలిన దారి ఒక్కటే, చెమట. అది కూడా కారితే లాభం లేదు, ఆరాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పట్టుకుపోతుంది, చొక్కా మీంచి నేల మీద చుక్కలు చుక్కలుగా పడిపోయిన చెమట మాత్రం ఏమీ పట్టుకుపోదు. అందుకే థర్మామీటర్ నంబర్ ఒక్కటీ చూసి "మా దగ్గర 45, మీ దగ్గర 36యేగా" అని పోటీలు పడేవాళ్లని చూస్తే నాకు చిరాకు. గాల్లో తేమ బాగా ఉంటే 36 కూడా చంపేస్తుంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించే ఉష్ణోగ్రతని వెట్ బల్బ్ అంటారు, అది 35 దాటితే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా, నీడలో ఊరికే కూర్చున్నా, కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని 2010లో సైంటిస్టులు లెక్క వేశారు, తర్వాత 2022లో అమెరికాలో పెన్ స్టేట్ వాళ్లు కుర్రవాళ్ల మీద ప్రయోగం చేసి చూస్తే తేమగా ఉన్న గాలిలో ఆ హద్దు 31 దగ్గరే ఉందని తేలింది.

దీంట్లో బద్ధకం ఎక్కడుంది చెప్పండి? ఇంజిన్ వేడెక్కితే బండి పక్కకి తీసి ఆపినవాణ్ణి సోమరి అనం కదా.

స్పెయిన్ సంగతి చెప్పకుండా ఈ టాపిక్ నడవదు, సియెస్టా (మధ్యాహ్నం తీసే కునుకు) అనగానే అందరికీ గుర్తొచ్చేది వాళ్లే. ఆ మాటకి మూలం లాటిన్‌లో "ఆరో గంట". రోమన్లు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పన్నెండు భాగాలు చేసుకునేవాళ్లు, ఆరో గంట అంటే నడిమధ్యాహ్నం. అంటే ఆ పేరులో నిద్ర అనే అర్థమే లేదు, ఉన్నది టైము. ఇప్పుడు టూరిస్టులు వెళ్లి "వీళ్లేంటి మధ్యాహ్నం రెండున్నరకి భోంచేస్తారు, రాత్రి పదింటికి డిన్నర్ అంటారు" అని ఆశ్చర్యపోతారు చూడండి, దాంట్లో సగం గడియారం చేసే మాయ. భూగోళం మీద స్పెయిన్ ఉన్న చోటుకి ఇంగ్లండ్ టైము ఉండాలి, 1940 వరకూ అదే ఉండేది, ఆ ఏడాది మార్చిలో అక్కడి నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాల్ని ఒక గంట ముందుకి జరిపి జర్మనీ టైముతో కలిపింది, యుద్ధం అయ్యాక కూడా వెనక్కి జరపలేదు. దాని మీద వేసవిలో ఇంకో గంట కలుస్తుంది. దాంతో జులైలో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండుంపావు దాటుతుంది. వాళ్లు రెండున్నరకి తింటున్నది సూర్యుడి లెక్కలో మామూలు పన్నెండు గంటల భోజనమే! గడియారాన్ని ఫ్రాంకో మార్చాడు, కడుపుని మార్చలేకపోయాడు. (నేను స్వెట్టర్ వేసుకుని కూర్చున్న రెండుంపావు అదే అని ఇది చదివినప్పుడు అనిపించి నవ్వుకున్నా, మా దగ్గర సూర్యుడి లెక్క వేరేలెండి.)

అయితే ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే మాట ఒకటి ఉంది, దాచిపెట్టను. స్పెయిన్‌లో ఇప్పుడు చాలామంది మధ్యాహ్నం పడుకోవట్లేదు, కానీ రెండు ముక్కల రోజు మాత్రం మిగిలిపోయింది. రెండింటికి షాపు మూసి ఐదింటికి తెరిస్తే మళ్లీ ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఉండాలి. ఇల్లు దగ్గర్లో ఉన్నవాడికి అది విశ్రాంతి, ఇల్లు గంట ప్రయాణం అయినవాడికి అది ఎటూ కాని మూడు గంటల జైలు. పిల్లలున్న ఆడవాళ్లకి మరీను. అందుకే అక్కడే దాన్ని తీసెయ్యాలని గట్టిగా అడిగేవాళ్లున్నారు, వాళ్లు అడిగేది తప్పని నేననను. దానికి వాళ్లే ఒక విరుగుడు కనిపెట్టుకున్నారు కూడా, జులై ఆగస్టుల్లో చాలా ఆఫీసులు పొద్దున ఎనిమిదికి మొదలై మూడింటికి మూసేస్తాయి, మధ్యలో బ్రేక్ ఉండదు, అయిపోగానే ఇంటికి. ఎండ తగ్గట్టు రోజుని మార్చుకోవడం అంటే అందరూ మంచాలెక్కడం కాదు, దానికి వంద రూపాలుంటాయి, పట్టణాలు పెరిగేకొద్దీ రూపం మారాలి. నా గొడవ రూపం గురించి కాదు, ఎండాకాలంలో కూడా రోజు మారక్కర్లేదు అనే పంతం గురించి.

గ్రీసులో ఐతే దీన్ని ఏకంగా రూల్ చేశారు. వేసవి నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా నిశ్శబ్ద వేళలు, ఆ టైములో డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి గోల చేస్తే పక్కింటివాళ్లు పోలీసులకి ఫోన్ చెయ్యొచ్చు. ఈ ఒక్క రూల్ ప్రపంచమంతా పెట్టాలని నా వ్యక్తిగత డిమాండు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తా. దయ్యాలు అర్ధరాత్రి తిరుగుతాయని మనం అనుకుంటాం కానీ లోకంలో చాలాచోట్ల మిట్టమధ్యాహ్నం కూడా వాటి డ్యూటీ టైమే. పాత గ్రీకుల్లో పశువుల కాపరులు మధ్యాహ్నం పిల్లనగ్రోవి ఊదేవాళ్లు కాదు, ఆ వేళ పాన్ దేవుడు పడుకుంటాడు, లేపితే ఊరుకోడు. బైబిల్ 91వ కీర్తనలో మధ్యాహ్నం వేళ పాడుచేసే రోగం గురించి ఒక మాట ఉంది, పాత గ్రీకు, లాటిన్ అనువాదాల్లోకి వచ్చేసరికి అది మధ్యాహ్నపు దయ్యంగా మారిపోయింది. దక్షిణ అమెరికాలోని పరాగ్వేలో గ్వారానీ అనే ఆదివాసుల కథల్లో జాసీ జాతెరె అని బంగారు జుట్టు బుడతడు చేతికర్ర పట్టుకుని మధ్యాహ్నం పూట తిరుగుతుంటాడు, పడుకోకుండా బయటికి జారుకున్న పిల్లల్ని అడవిలోకి తీసుకుపోతాడు. పిల్లల్ని ఇంట్లో ఉంచడానికి ఇంతకన్నా మంచి ప్లాను నాకైతే తోచట్లేదు.

అన్నింటిలోకీ ఒళ్లు జలదరించేది స్లావ్ జాతుల పొలుద్నిత్స. రష్యా, పోలండ్ వైపు కథ, మామూలుగా మనం చలి దేశాలు అనుకునేవే, కానీ వాళ్లకీ కోతల కాలం ఎండలోనే కదా. తెల్లబట్టలేసుకున్న ఒకావిడ మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరుగుతుంటుంది. ఆ వేళప్పుడు కూడా ఇంకా కోత కోస్తూ ఎవరైనా కనపడితే దగ్గరికొచ్చి ప్రశ్నలు వేస్తుంది. తడబడ్డావా, మాట తప్పించావా, మెడ తిప్పేస్తుంది, లేదా జబ్బు తగిలిస్తుంది.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు గుండె ఒక్క క్షణం ఆగినంత పనైంది, ఎందుకంటే ఆ ప్రశ్నలు నన్నూ ఒకసారి అడిగారు. పదేళ్ల కిందట ఇల్లు మారుతున్నా, లిఫ్టు లేదు, ఇంకో రెండు ట్రిప్పులే కదా అని మధ్యాహ్నం ఒంటిగంటకి పుస్తకాల పెట్టెలు మూడో అంతస్తుకి నేనే మోస్తున్నా. సామాన్లకి వచ్చిన పెద్దాయన అప్పటికే రెండుసార్లు "కాసేపాగండి సార్, నాలుగింటికి చేద్దాం" అన్నాడు, ఆయన పని ఎగ్గొడుతున్నాడనే అనుకున్నా (మళ్లీ అదే బుద్ధి చూడండి). రెండో మెట్ల మలుపు దగ్గర చెమట ఆగిపోయిన సంగతి గమనించా, హమ్మయ్య కాస్త చల్లబడింది అనుకున్నా కూడా. ఆయన పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టి నా మొహంలోకి చూసి "సార్, మీ పేరేంటి?" అన్నాడు. చెప్పా. "ఏ ఫ్లోరుకి పోతున్నాం?" అన్నాడు. నాకు రాలేదు. తెలుసు, నాలిక చివర ఉంది, రావట్లేదు. ఆ తర్వాత నాకు గుర్తున్నది మెట్ల మీద కూర్చోబెట్టి తల మీంచి బకెట్ నీళ్లు గుమ్మరించడం, ఇంకో అతను అట్టపెట్టె మూతతో విసరడం. ఎండదెబ్బకి మామూలు నీరసానికీ తేడా పట్టే గుర్తుల్లో ముఖ్యమైనది ఇదేనని తర్వాత డాక్టరు చెప్పాడు, మనిషి తికమకపడితే, సూటి ప్రశ్నకి జవాబు రాకపోతే అప్పటికే మెదడుకి వేడి తగిలినట్టు, వెంటనే చల్లబరచాలి, ఆలస్యం చేస్తే చేజారిపోతాడు.

పొలాల్లో తిరిగే ఆ తెల్లచీరావిడ అడుగుతున్నది అదే ప్రశ్న. ఎవరో ఎప్పుడో మధ్యాహ్నం కోత కోస్తూ మాట తడబడి కూలిపోయిన మనిషిని చూశారు, ఒకణ్ణి కాదు ఎంతోమందిని చూసుంటారు, చూసి కథ కట్టారు. నా లెక్కలో ఆవిడ ఆ కాలపు లేబర్ ఇన్‌స్పెక్టర్. ఎండ ముదిరాక పని చేయించే ఆసామికి కూడా ఆవిడంటే భయమే కాబట్టి కూలివాడికి కాసేపు నడుం వాల్చే హక్కు దొరికింది.

వేడి దేశాల సంస్కృతి అని మనం మెచ్చుకునే వాటిలో చాలావరకు నాకు ఇలాగే కనిపిస్తాయి, పైకి అందం, లోపల లెక్క. ఇరాన్‌లో యజ్ద్ పాతపట్నం ఉంది, 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, ఫొటోల్లో ఇళ్ల మీద పొగగొట్టాల్లా లేచి కనిపించేవి గాలిని పట్టి కిందకి దించే బురుజులు, దౌలతాబాద్ తోటలోది 33 మీటర్ల ఎత్తు. దానికన్నా నాకు నచ్చింది అక్కడి పాత ఇళ్లలో వేసవి భాగం, శీతకాలం భాగం వేరువేరుగా ఉండటం. నడిమి పెరడుకి దక్షిణాన ఉన్న గదులు ఉత్తరం వైపు చూస్తాయి, వాటికి ఎండ తగలదు, ఎండాకాలం రాగానే కుటుంబం మొత్తం పరుపులూ గిన్నెలూ పట్టుకుని పెరడు దాటి అటు కాపురం మారుతుంది, చలి రాగానే ఎదుటి గదుల్లోకి వస్తుంది. ఇంటి అడ్రస్ ఒకటే, ఇంట్లోనే వలస. ఎడారుల్లో తిరిగే అరబ్బు సంచారులు, బెడూయిన్లు, నల్ల అంగీలు ఎందుకేసుకుంటారు, పిచ్చా అని అనుకునేవాణ్ణి, 1980లో కొందరు సైంటిస్టులు ఎండలో మనిషిని నిలబెట్టి కొలిచి చూస్తే నల్లదైనా తెల్లదైనా ఒంటిదాకా చేరే వేడి ఒకటేనట, నల్లబట్ట పీల్చుకున్న అదనపు వేడి వదులు అంగీ లోపల కదిలే గాలితోనే పోతుంది. బట్ట వదులుగా ఉండటంలో ఉంది కిటుకంతా. బిగుతు జీన్సూ టైలూ కట్టుకుని మనం వాళ్లని చూసి నవ్వుతాం.

జపాన్ వాళ్లది ఇంకో తరహా. వేసవిలో దయ్యాల కథలు చెప్పుకుంటారు, వెన్నులో చలి పుడితే ఉక్క మర్చిపోవచ్చని. చూరుకి చిన్న గంట వేలాడదీస్తారు, గంట మోగితే గాలి వచ్చినట్టు, గాలి చల్లగా లేకపోయినా చెవికి చల్లగా ఉంటుంది. ఒంటిని కాదు, మనసుని చల్లబరిచే టెక్నిక్. అదే దేశం 2005లో ఆఫీసుల్లో ఏసీ 28 దగ్గర పెట్టండి, టైలు కోట్లు తీసెయ్యండి అని ప్రభుత్వం తరఫునే ప్రచారం చేసింది. పాపం ఆఫీసరు ఎదురుగా టై లేకుండా కూర్చోడానికి మొదట్లో ఎంత సిగ్గుపడి ఉంటారో.

ఏసీ దగ్గరికి వచ్చేశాం కాబట్టి అసలు గొడవ ఇక్కడే. ఏసీ మొదట మనుషుల కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడట్లేదని విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు తేమని అదుపు చేసే మెషీన్ డిజైన్ చేశాడు. కాగితానికి వచ్చిన కష్టం తీరింది, అక్కడ పనిచేసేవాళ్ల కష్టం ఎవడూ అడగలేదు. సింగపూర్‌ని నిలబెట్టిన లీ క్వాన్ యూ ఏసీ లేకపోతే ఉష్ణమండలంలో అభివృద్ధే లేదని, తను ప్రధాని అయ్యాక చేసిన మొదటి పనుల్లో ఒకటి ప్రభుత్వ ఉద్యోగులు పనిచేసే భవనాల్లో ఏసీలు పెట్టించడమని చెప్పుకున్నాడు. ఆయన మాట కొట్టిపారెయ్యలేం, ఆపరేషన్ థియేటర్‌కి, వృద్ధులున్న గదికి, చంటిబిడ్డకి ఏసీ కావాలి, ఏసీ ప్రాణాలు కాపాడుతుంది. పూర్వం అంతా బంగారం, మట్టిగోడలుంటే చాలు అనేవాళ్లతో నాకు పడదు. పూర్వం ఎండాకాలం బోలెడుమంది పోయేవాళ్లు, లెక్క రాసుకోలేదు అంతే. ఆ కాలపు చల్లటి భవంతుల్లో పంఖాలు లాగిన చేతులు ఎవరివో కూడా మర్చిపోకూడదు.

కానీ ఏసీతో పాటు ఇంకోటి వచ్చింది. మధ్యాహ్నం అనేది లేదన్న భ్రమ. లోపల పన్నెండు నెలలూ 22 డిగ్రీలు, కాబట్టి పన్నెండు నెలలూ తొమ్మిది నుంచి ఆరు. ఆ 22 కూడా ఎవరి ఒంటికి తగ్గది అనుకున్నారు? చాలా బిల్డింగుల ఉష్ణోగ్రత లెక్కలు 1960లలో నలభై ఏళ్ల, డెబ్భై కిలోల మగాణ్ణి నమూనాగా పెట్టుకుని వేసినవని 2015లో ఒక పరిశోధన చెప్పింది, అందుకే ఆఫీసుల్లో ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. (నేను మగాణ్ణే, యాభై ఎనిమిది కిలోలు, నన్నూ ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.) ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ 2018లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో బాగా వేడిగా ఉండే ప్రాంతాల్లో బతికే 280 కోట్ల మందిలో ఏసీ ఉన్నవాళ్లు 8 శాతం. అంటే టైంటేబుల్ రాసేది ఆ ఎనిమిదిమంది, దాని ప్రకారం ఎండలో తిరిగేది మిగతా తొంభైరెండుమంది. మధ్యాహ్నం రెండింటికి మీటింగ్ పెట్టేవాడికి ఎండ తెలీదు, ఆ మీటింగ్‌కి భోజనం డెలివరీ తెచ్చేవాడికి తెలుసు. ఒకప్పుడు మిట్టమధ్యాహ్నం ఆసామికీ కూలీకీ ఇద్దరికీ ఒకేలా భయం, ఇద్దరూ నీడకి పోయేవాళ్లు. ఇప్పుడు ఒకడికి భయం పోయింది, అదీ తేడా.

పైగా లోపలి వేడి ఎక్కడికో మాయమైపోదు, వీధిలోకి వస్తుంది. అమెరికాలో ఫీనిక్స్ నగరం మీద 2014లో వచ్చిన పరిశోధనలో ఏసీలు వదిలే వేడి వల్లే కొన్నిచోట్ల రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరుగుతోందని తేలింది. అదే నగరంలో 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, ఆ ఊరున్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడి వల్ల 645 మంది పోయారు. ఏసీలకి కొదవలేని ఊరు అది.

ఎండలో చావు అనేది డిగ్రీల లెక్క ఒకటే కాదని షికాగో బాగా చూపించింది. 1995 జులైలో అక్కడ వడగాలులకి మామూలుగా కన్నా 739 మంది ఎక్కువ చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు, రెండూ పేదవే, రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్లున్నారు, ఒకదాంట్లో చావులు మరీ ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ. తక్కువ ఉన్న పేటలో వీధులు కిటకిటలాడుతుంటాయి, షాపులున్నాయి, ముసలివాళ్లు బయటికొస్తారు, రాకపోతే ఎవరో ఒకరు తలుపు తడతారు. చావులు ఎక్కువైనది ఖాళీ అయిపోయిన పేట, జనం భయానికి కిటికీలు కూడా బిగించుకున్నారు. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేలమంది పోయినప్పుడు కూడా అంతే, ఎక్కువమంది పెద్దవాళ్లు, చాలామంది ఒంటరివాళ్లు, ఊరు ఊరంతా సెలవులకి పోయిన నెల. ఎండ దేశాల్లో సాయంత్రం కాగానే జనమంతా గుమ్మాల్లోకి వచ్చి కూర్చోవడాన్ని నేను చిన్నప్పట్నుంచీ కాలక్షేపం అనుకున్నా. అది హాజరుపట్టీ కూడా. ఎవరు రాలేదో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ పాత మధ్యాహ్నాన్ని చట్టాలు మెల్లగా వెనక్కి తెస్తున్నాయి. ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకూ ఆరుబయట పని నిషేధం, ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచీ 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాలి. యూఏఈలో పన్నెండున్నర నుంచి మూడు. గ్రీసు 2023 జులైలో ఏథెన్స్ కొండ మీది పాత గుళ్ల కోట అక్రోపోలిస్‌నే మధ్యాహ్నం మూసేసింది, అంటే మళ్లీ పాన్ దేవుణ్ణి పడుకోనిచ్చారు. ఇవి చాలవు, కాగితం మీద రూల్ వేరు, సైటు మీద మేస్త్రీ వేరు, అది నాకూ తెలుసు, పైగా రోజుకూలీ మీద బతికేవాడికి పని ఆపడమంటే కూలి ఆగడం, ఆ గంటల కూలి ఎవరిస్తారో చెప్పకుండా "విశ్రాంతి తీసుకో నాయనా" అంటే అది దయ కాదు. కొత్తగా పనిలోకి వచ్చినవాడి సంగతి ఇంకా ఘోరం. ఒళ్లు ఎండకి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, అమెరికా కార్మిక భద్రతా శాఖ లెక్కల్లో ఆరుబయట ఎండకి పోయినవాళ్లలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోయారు. మొదటి రోజు వాడు ఆగుదాం అనలేడు కదా, చేరిన రోజే సోమరి అనిపించుకోవాలని ఎవడికుంటుంది. మాంటెస్క్యూ గొర్రె నాలుక ఇంకా పనిచేస్తూనే ఉంది అన్నమాట.

ఇదంతా బుర్రలో పెట్టుకుని నేను ఆఫీసులో ఒక ప్రయత్నం చేశా. ఎండాకాలం రెండు నెలలు ఏడు నుంచి మూడు పెడదాం, ఏసీ 26 చేద్దాం, మధ్యాహ్నం బయటి నుంచి ఏమీ ఆర్డర్ చెయ్యకుండా ఉందాం అని ఒక మెయిల్ పెట్టా. మంచి ఆలోచన, చర్చిద్దాం అని జవాబొచ్చింది. చర్చకి మీటింగ్ పెట్టారు, మధ్యాహ్నం రెండున్నరకి.

ఎదురుగా బిల్డింగ్ ఈ ఏడు పూర్తయింది. నాలుగు వైపులా అద్దాలే, తెరిచే కిటికీ ఒక్కటి లేదు. మా వైపున్నది వెనకవైపు, అక్కడ వరసగా ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు బిగించారు, ఇరవైనాలుగు, లెక్కపెట్టా. నిన్న మధ్యాహ్నం వాటి కింద కొత్తగా వచ్చిన వాచ్‌మన్ ఒకాయన కుర్చీ వేసుకున్నాడు, కాసేపు కూర్చున్నాడు, లేచి కుర్చీ రెండడుగులు ఇటు జరిపాడు, మళ్లీ కాసేపటికి అటు జరిపాడు, చివరికి కుర్చీ ఎత్తుకుని రోడ్డవతల చెట్టు కిందకి వెళ్లిపోయాడు. ఆయన ఉండలేక వదిలేసి పోయిన చోటే సరిగ్గా పోయినేడు వాళ్లు బస్తాలు పరుచుకుని పడుకుంది.